డాక్టరు చెప్పమన్న మాట

మాది దూదేకుల ఇల్లు. దూది కాలిన వాసన వస్తే ముందు నీళ్ళ బిందె అందుకుంటాం, ఆ తర్వాతే అల్లాను తలుచుకుంటాం. పెనుకొండ బస్టాండు వెనక మా పరుపుల అంగడి, దాని వెనకే ఇల్లు. మధ్యలో బస్తాల కొద్దీ దూది.

ఎనభై రెండులో, రంజాన్ నెలలో ఒకరోజు పొద్దున ఆ వాసన వచ్చింది. బిందె ఎత్తుకుని పరుగెత్తాను. మా అత్త పీరాంబీ నీళ్ళ పొయ్యి ముందు కూర్చుని ఉంది. లోపల నల్లగా ముద్ద ఏదో కాలుతోంది.

"ఏమే జాహెదా, ఇల్లు ముంచుతావా? చెడిపోయిన దూదిలే, పారేస్తాండా" అంది.

చెడిపోయిన దూదిని కూడా ఎండబెట్టి దిండ్లలో కూరే మనిషి ఆమె. నాకు అప్పుడే తోచాల్సింది. తోచలేదు. పొద్దున్నే తిట్టు తిన్నానన్న కోపంతో బిందె దించి వెళ్ళిపోయాను.

దీనికంతటికీ మొదలు అంతకు రెండేళ్ళ ముందు. పరుపు మడత వేస్తుంటే అత్త మణికట్టు విరిగింది. పడలేదు, జారలేదు. ఉత్తి పరుపు! హిందూపురంలో డాక్టర్ నారాయణస్వామి ఎక్స్‌రే చూసి, వెన్నుపూస కూడా ఒకటి కుంగిందన్నాడు. ఎముకలు గుల్లబారాయట. ముట్టు ఎప్పుడు నిలిచిందని ఆయన అడిగాడో లేదో, అత్త ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుని బయట బెంచీ మీదకు వెళ్ళి కూర్చుంది. మిగిలిన మాటలు నా మొగుడు బుడన్‌సాబ్, నేను విన్నాం.

"ఏమప్పా, ముట్టు నిలిచినాక ఒంట్లో తగ్గిపోయే ఆడ హార్మోనును ఈ మాత్ర ఇస్తాది. ఎముక కొంత నిలబడ్తాది, తుంటి విరిగే భయం తగ్గుతాది. అయితే ఇంకో పక్క కూడా ఉండాది. గర్భసంచిలో క్యాన్సరు పుట్టే ప్రమాదం పెరుగుతాది. అందరికీ రాదు, కొందరికే. మళ్ళీ నెత్తురు కనపడితే, ఒక్క చుక్కయినా సరే, ఆ దినమే మాత్ర ఆపి నా కాడికి రావల్ల. రెండు పక్కలూ ఆమెకు చెప్పండి. మింగేది ఆమె, తేల్చుకోవల్సింది ఆమె" అన్నాడు.

బయటికి రాగానే నా మొగుడు, "నువ్వు చెప్పు, ఆడదానివి" అని బస్సు ఎప్పుడో కనుక్కునే నెపంతో జారుకున్నాడు. తల్లి దగ్గర కొడుకు ముట్టు మాట ఎత్తడం మా ఇళ్ళల్లో లేదు. మరి నేను మాత్రం? కాపురానికి వచ్చిన పదకొండేళ్ళలో అత్తతో ఆ మాట నోటితో అన్నదాన్ని కాదు. నా చాప విడిగా వేసుకుంటే ఆమెకు అర్థమయ్యేది, అంతే.

"ఎముకలకు బలం మాత్రలంట అత్తా. ఒంట్లో ఏమన్నా తేడా వస్తే చెప్పమన్నాడు" అన్నాను.

"అంతేనా?"

"అంతే."



ఆమె మాత్రలను కళ్ళకద్దుకుని మింగింది. ధర్మవరంలో ఆమె పెద్దక్క తుంటి విరిగి ఐదు నెలలు మంచాన పడి, వీపంతా పుండ్లు పడి చనిపోయింది. అత్తే మెత్తని పరుపు కుట్టి తీసుకెళ్ళింది. చివరికి ఆ పరుపును ఊరవతల కాల్చాల్సి వచ్చింది. "ఆ చావు నాకొద్దమ్మా. నడస్తా నడస్తా పోవల్ల" అనేది.

రెండేళ్ళు ఒక్క ఎముకా విరగలేదు. అత్త మళ్ళీ దబ్బనం పట్టింది, పరుపులు తిరగేసింది. చెప్పకపోవడమే మేలయింది, చెప్పి ఉంటే భయపడి మానేసేది కదా అని నన్ను నేను మెచ్చుకున్నాను కూడా. నా తెలివి తెల్లారినట్టే ఉంది!

రంజాన్ తర్వాత ఆ వాసన ఇంకో రెండు మూడుసార్లు వచ్చింది. తెల్ల దూది బస్తా ఒకటి ఉన్నట్టుండి తగ్గుతోంది. పనివాడు కాలేసాబ్ మీద అనుమానపడి, పాపం, నాలుగు మాటలు అన్నాను.

ఇంతలో పీర్ల పండగ వచ్చింది. రొట్టెలు, బెల్లం కలిపి చేసే మా ఇంటి మలీద అత్తే దంచాలి, అత్తే పీర్లను నిలిపిన చావిడికి తీసుకెళ్ళాలి. కోడలైనా సరే ఆ రోకలి ముట్టనిచ్చేది కాదు. ఆ యేడు మాత్రం, "నువ్వే చెయ్యి. ఇంక నీదే గదా" అంది.

నా కాళ్ళు నేల మీద నిలవలేదు. ఇన్నాళ్ళకు నన్ను ఇంటి మనిషిగా ఒప్పుకుందని పొంగిపోయాను. దంచాను, పళ్ళెం నెత్తిన పెట్టుకున్నాను, డప్పుల మధ్య చావిడి మెట్టు ఎక్కాను. వెనక్కి తిరిగి చూస్తే ఆమె లేదు. రోడ్డుకు అవతల, ఆపిన ఎద్దులబండి పక్కన నిలబడి, అక్కడినుంచే పీర్లకు చేతులు జోడిస్తోంది.

ముట్టు రోజుల్లో పండగ వస్తే నేను నిలబడే చోటు అది.

పళ్ళెం ఎవరి చేతిలో పెట్టానో గుర్తులేదు. రోడ్డు దాటి ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"ముట్టు ఎప్పట్నించి అత్తా?" నా నోట ఆ మాట రావడం అదే మొదలు.

ఆమె సిగ్గుపడి నవ్వింది. "రంజాన్ కాడ్నించి. వస్తాది, పోతాది. అరవై రెండేండ్లకు ఇదేం ఖర్మే! ఎముకల్లో బలమొచ్చింది గదా, ఒళ్ళే వెనక్కి తిరిగిందేమో అనుకుంటి. మందు బాగా పట్టిందిలే అనుకుంటి. ఎవరికీ చెప్పొద్దు, నగుతారు."

ఎముక మాత్ర అని చెప్పి ఇచ్చాం. ఎముకే గట్టిపడింది. ఇంకేం అనుకుంటుంది?

డాక్టరు చెప్పమన్నదంతా అక్కడే, బండి పక్కనే చెప్పాను. రెండేళ్ళ ఆలస్యంగా. డప్పుల మోతలో రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. ఆమె ముఖంలో నవ్వు పోయింది.

"మా యక్క చావు చూసినదాన్ని. నువ్వు చెప్పినా ఆ మాత్ర మింగుతాంటినేమో" అంది. "కానీ నెత్తురు పడిన దినమే వచ్చి నీ చెయ్యి పట్టుకుంటాంటి గదే. నాలుగు నెల్లు దూది కాలుస్తా కూచుంటినే!"

నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు, నన్ను ఓదార్చనూ లేదు.

మర్నాడు హిందూపురం రైలుకు బయల్దేరాం. స్టేషను మెట్ల దగ్గర చెయ్యి అందించబోతే విదిలించుకుంది. వంగకుండా, ఆగకుండా, నాకంటే ముందే పైకెక్కింది. ఆమె కోసం తెల్ల దూది మూట చంకలో పెట్టుకుని నేను వెనక నడిచాను.