పిలవని పేరు

మిల్లులో మిషన్ జల్లెడ కింద ఊడవాలంటే మోకాళ్ల మీద దూరాలి. తల ఎత్తితే ఇనుము, దించితే దుమ్ము. రాలిన శెనగ్గింజలను చీపురుతో లాగి, చేటలోకి ఎత్తుకుని, పాకుతూనే వెనక్కి రావాలి. మగవాళ్లు ఆ పని చేయరు. నడుము వంగదట. బస్తా ఎత్తేటప్పుడు మాత్రం ఎంత చక్కగా వంగుతుందో అని అంజినమ్మ లోపల్లోపల నవ్వుకునేది.

వై.ఎన్.హొసకోటలో శ్రీరామప్పది వేరుశెనక్కాయలు ఒలిచే మిల్లు. వానల్లేని ఏళ్లవి. చేలో పని దొరకనివాళ్లంతా ఆ మిల్లు వాకిట్లోనే నిలబడేవాళ్లు. అంజినమ్మ మొగుడు కదిరప్ప అక్కడే హమాలీ. ఉన్నవాళ్లంతా మగవాళ్లు, ఈమె ఒక్కతే ఆడది. అంతకుముందు నల్లమ్మ అని ఇంకొకామె ఉండేది. ఆమె జల్లెడ కింద ఉండగానే, చూసుకోకుండా ఇంజిను బెల్టు ఎక్కించారు. కొంగు చుట్టుకుని మిషన్ మనిషిని లోపలికి లాగేసింది.

ఆ తరవాత శ్రీరామప్ప అందర్నీ పోగుచేసి చెప్పాడు: "ఒక ఇంటోళ్ల మాదిరి కలిసి పనిచేయల్లప్పా. బెల్టు ఎక్కించేకి ముందు ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలవల్ల. అందరూ 'ఓ' అంటేనే మిషన్." మంచి మాటే. మిషన్ చూసే బోరన్న దాన్ని ఒక్కనాడూ తప్పలేదు. మగవాళ్ల పేర్లన్నీ వరసగా పిలిచి, చివర కదిరప్పను పిలిచేవాడు. చచ్చిందేమో ఆడది, పిలిచేదేమో మగవాళ్లను. మొగుడు ఎదురుగ్గా నిలబడి ఉంటే వాడి పెళ్లాన్ని పేరు పెట్టి ఎట్లా పిలిచేదని బోరన్నకు మొహమాటం. అందుకే అంజినమ్మే చెవులు రిక్కించి, మొగుడు "ఓ" అనేలోపల బయటికి పాకి రావాలి.

ఒకసారి సంగటి పెడుతూ అడిగింది. "నా పేరు గూడా పిలవమని బోరన్నకు చెప్పగూడదా?"

"నీ పేరు నలుగురి నోట్లో నానల్లనా? నాకు మర్యాద ఉండొద్దా?" అన్నాడు కదిరప్ప.

పొయ్యి దగ్గరనుంచి అత్త గంగక్క అందుకుంది. "నన్నెవరు పిలిచినారే పేరు పెట్టి? నేను బతకల్యా?"

నిజమే, బతికింది. అంజినమ్మా బతుకుతూనే ఉంది. పెళ్లయిన నాటినుంచి ఆ ఇంట్లో ఆమె "ఏమే", "ఇదో", "యాడుండావ్". గిన్నెలు తోముతూ అప్పుడప్పుడు తన పేరు తనే మెల్లగా అనుకునేది. ఎవరో పక్కింటామెను పిలిచినట్టు ఉండేది. ఎవరూ పిలవని పేరు ఎక్కడికి పోతుంది? నల్లమ్మ కూడా ఆ చీకట్లో పాకుతూ, మగవాళ్ల పేర్లు అయిపోతుంటే, ఇప్పుడు నన్ను పిలుస్తారేమోనని ఒక్క క్షణం ఆగిందేమో. ఆ అనుమానం వచ్చిననాడు అంజినమ్మకు ముద్ద దిగలేదు.

కొత్త కాయ వచ్చిన కొద్ది రోజులకు ఒక ఉదయం, కదిరప్ప "ఓ" అన్నాక, ఇంకో "ఓ" వినబడింది. సన్నగా, జల్లెడ కిందనుంచి. బోరన్న చెయ్యి ఆగింది. అందరూ అంజినమ్మ కోసం చూశారు. ఆమె నీళ్ల బిందెతో వాకిట్లో నిలబడి ఉంది. కింద వంగి చూస్తే గింజలు తప్ప ఏమీ లేవు. మరునాడూ అంతే. శ్రీరామప్ప నిమ్మకాయలు కట్టించి, మిషన్ ముందు కోడిని కోయించాడు. కూర మగవాళ్లు తిన్నారు, మసాలా అంజినమ్మ నూరింది. ఆ గొంతు మాత్రం పోలేదు. మెల్లగా వాళ్లు దానికీ అలవాటుపడి, వినబడనట్టే బెల్టు ఎక్కించడం నేర్చుకున్నారు. ఆడదాని మాట వినబడనట్టు ఉండడం వాళ్లకేమన్నా కొత్తా?

ఒకరోజు మధ్యాహ్నం అంజినమ్మ చీర జల్లెడ కాలికి ఉన్న బోల్టుకు పట్టుకుంది. ఎంత గుంజినా రాలేదు. పైన పేర్లు మొదలయ్యాయి. అరుద్దామంటే దుమ్ముకు గొంతు పూడిపోయింది. చివరికి కదిరప్ప పేరు వచ్చింది. పెళ్లాం కింద ఉందని తెలిసిన మనిషి, అలవాటుకొద్దీ "ఓ" అన్నాడు. అప్పుడు ఆమె చెవి పక్కనే, ఊపిరి తగిలేంత దగ్గరగా, ఎవరో "ఓ" అన్నారు. ఈసారి సన్నగా కాదు. రేకులు అదిరేట్టు.

బోరన్న బెల్టు వదిలేసి వెనక్కి పడ్డాడు. అంజినమ్మ చీర చించుకుని బయటికి వచ్చింది. ఒళ్లంతా దుమ్ము, కళ్లు మాత్రమే కనబడుతున్నాయి.

"నువ్వేనా అరిచింది?" అన్నాడు కదిరప్ప.

"నేను గాదు."

ఆమెకు భయం వేయలేదు, కోపం వచ్చింది. చచ్చినామెకున్న పట్టింపు బతికున్న మొగుడికి లేకపోయింది. పోయి, కిందపడ్డ బెల్టు మీద కూర్చుంది.

"నన్నూ పిలిస్తేనే లేస్తా."

బోరన్న తల గోక్కున్నాడు. "కదిరప్ప ఈడనే ఉండాడు, నేనెట్ల పిలిచేది తల్లీ?"

"అయితే ఆయప్పనే పిలవమను."

శ్రీరామప్ప కదిరప్ప వైపు చూశాడు. "ఏమప్పా, పని నిలిచిపోతా ఉండాది. నీ పెండ్లాం పేరేంది? పిలువు."

కదిరప్ప గోడ వైపు తిరిగాడు. చిన్నపిల్లవాడు కొత్త అక్షరం పలికినట్టు, "అంజినమ్మా" అన్నాడు.

ఇంజిను ఆగి ఉంది. ఆ పేరు అందరికీ వినబడింది.

"ఇనపల్యా" అంది అంజినమ్మ. "ఇంగోసారి పిలువు."