దార్ఫూరు కోసం ప్రార్థన

తమ ఇంట్లో పెట్టిన ప్రార్థన కూడికకి వచ్చే ఆడవాళ్ళ కోసం స్వర్ణకుమారి టీ గ్లాసులు కడుగుతోంది. కోడలు ఫెబా మణికట్టు వాచిపోయింది, వేళ్ళు ముడవలేకపోతోంది. చొక్కా ఇస్త్రీ కాలేదని పొద్దున్న కొడుకు శాంతికుమార్ ఆ చెయ్యి మెలిపెట్టాడు. స్వర్ణకుమారి అడ్డం వెళ్తే, "మొగుడూ పెళ్ళాల మధ్యకి నువ్వు రాకమా. మా ఇంటి విషయం మాకొదిలీ" అన్నాడు. వాడి తండ్రి ఎలియాజరు కూడా బతికున్నన్నాళ్ళూ అదే అనేవాడు. ఆ మాట విని సంఘ పెద్దలు గుమ్మంలోంచే వెనక్కి తిరిగేవారు. ఆయన కొట్టిన దెబ్బకి పన్ను ఊడిన చోట నాలుక తగిలితే, వెళ్ళిపోతున్న ఆ పెద్దల చెప్పుల చప్పుడు ఆమెకి ఇప్పటికీ వినిపిస్తుంది.

అందరూ వచ్చి కూర్చున్నాక, ఆ వారం దార్ఫూరు ప్రజల కోసం ప్రార్థించాలని పాస్టరమ్మ చెప్పింది. అదెక్కడుందని ఎవరో అడిగారు. హైస్కూల్లో సోషల్ చెప్పే శాంతికుమార్ లేచి నిలబడి వివరించాడు. సూడాన్లో ప్రభుత్వమే సాయుధ మూకలని ఊళ్ళ మీదకి తోలుతోందట. ఇళ్ళు తగలబెట్టి, మగవాళ్ళని చంపి, ఆడవాళ్ళని చెరుస్తున్నారట. రెండేళ్ళ కిందట, రెండువేల ఐదులో, దేశాలన్నీ ఐక్యరాజ్యసమితిలో ఒప్పుకున్నాయట: కాపాడాల్సిన ప్రభుత్వమే జనం మీద పడితే, అది వాళ్ళ ఇంటి విషయమని మిగతావాళ్ళు చూస్తూ కూర్చోకూడదు, కాపాడే బాధ్యత అందరిదీ అని. చెబుతుంటే వాడి గొంతు వణికింది. అది నటన కాదు. స్వర్ణకుమారిని ఎక్కువ కాల్చింది అదే.

"మరి ఎవరెల్లేరు నాన్నా?" అని అడిగింది.

"కొంతమంది ఎల్లేరమా. సాల్లేదు. మిగతావోళ్ళు తీర్మానాలు సేసేరు."

అందరూ అయ్యో అన్నారు. ఫెబా చేతిలోంచి టీ గ్లాసు అందుకున్న పక్కింటి రోజలిన్ ఆ మణికట్టు చూసింది. చూసి, బైబిల్లోకి తల దించుకుంది.

కళ్ళు మూసుకుని వరుసగా ప్రార్థన చేస్తున్నారు. స్వర్ణకుమారి వంతు వచ్చింది.

"ప్రభువా, దార్ఫూరు ఆడపిల్లల్ని కాపాడు."

"ఆమెన్" అన్నారందరూ.

"కాపాడాల్సినోళ్ళే కొడితే అడ్డమెల్లే గుండె మాకియ్యి."

"ఆమెన్."

"నా కొడుకు ఈ పొద్దు ఫెబా సెయ్యి మెలిపెట్టీసేడు. ఈ పిల్లని బయటికి తీసుకెల్లడానికి ఇక్కడున్నోళ్ళలో ఎవరొత్తారో సెప్పు."

ఒక్కరూ ఆమెన్ అనలేదు. మూసిన కళ్ళు ఇంకా గట్టిగా మూసుకున్నారు. చివరికి పాస్టరమ్మే నెమ్మదిగా, ఇంటి సంగతులు ఇంట్లో మాట్లాడుకుంటే మంచిదని చెప్పి, పాట అందుకుంది.

"వత్తావేటే?" అని స్వర్ణకుమారి కోడల్ని అడిగింది. ఫెబా లేచి నిలబడింది. గడప దాటితే మళ్ళీ ఇంట్లోకి రానివ్వనని శాంతికుమార్ అన్నాడు. స్వర్ణకుమారి తినే తిండి వాడిది, మందులు వాడివి, పడుకునే మంచం వాడిది. అన్నీ ఎరిగి కూడా ఆమె ఫెబా బాగున్న చెయ్యి పట్టుకుని వీధిలోకి వచ్చి ఆటో ఆపింది. వెనక పాట ఆగలేదు.

పోలీస్ స్టేషన్లో కానిస్టేబులు వాచిన చెయ్యి చూశాడు. ముసలావిడ్ని చూసి జాలిగా కుర్చీ జరిపాడు.

"అమ్మాయి తల్లివా?"

"కాదు బాబూ," అంది స్వర్ణకుమారి. "కొట్టినోడి తల్లిని. రాసుకో."