మొదటి ముద్ద

పెళ్ళిళ్ళ పిన్నికి ఈ పెళ్ళి మొదటి రోజు నుంచే రోత పుట్టిస్తోంది. చుట్టాల్లో ఎవరింట్లో పెళ్ళైనా హాలు మాట్లాడటం దగ్గర్నుంచి చివరి కుర్చీ మడిచి పెట్టించేదాకా ఆవిడే చూసుకుంటుంది కాబట్టి ఆ పేరు పడింది. ఇన్ని పెళ్ళిళ్ళు నెత్తినేసుకున్నా ఇంత పైన పటారం లోన లొటారం వ్యవహారం మాత్రం ఎక్కడా చూడలేదు. బల్లల మీద గుడ్డలు తెలుపా, మీగడ రంగా అని వారం రోజులు కొట్టుకున్నారు. వచ్చేవాళ్ళు ఏ రంగు బట్టలు వేసుకోవాలో కబురు పెట్టారు. నవ్వితే చిగుళ్ళు కనిపిస్తాయని మేనమామను వీడియోలో నోరు తెరవొద్దన్నారు. ఆ మేనమామ పిన్నికి స్వయానా తమ్ముడు. సొంత అక్క కూతురి పెళ్ళి కాబట్టి పళ్ళ బిగువున భరిస్తోంది గానీ, ఇంకొకళ్ళదైతే ఎప్పుడో దండం పెట్టి వచ్చేసేది.

పెళ్ళి ముందు రోజు ఉదయం హాల్లో బల్లలు సర్దిస్తుంటే, పక్కనున్న చిన్న గదిలో ఓ బల్ల, దాని ముందు ఒకే ఒక్క కుర్చీ కనిపించాయి.

"ఇదెవరికి బాబూ?" అని హాలు మేనేజరును అడిగింది.

"పెళ్ళికూతురి అమ్మగారికండీ. విడిగా భోంచేస్తారట కదా. మీవాళ్ళే ఫోన్ చేసి చెప్పారు."

పిన్నివాళ్ళ ఇంట్లో ఓ పద్ధతి ఉంది. అమ్మమ్మ కాలం నుంచీ పెళ్ళి విందులో పెళ్ళికూతురి తల్లే అందరి ముందూ మొదటి ముద్ద తింటుంది. తిని, "బాగుంది, కానివ్వండి" అంటుంది. అప్పటిదాకా ఎంత ఆకలి వేసినా, ఎంత పెద్దమనిషైనా పళ్ళెం ముట్టుకోకూడదు. తల్లి జీవితంలో గొప్ప పూట అదే. పోయినేడు అక్కకు పక్షవాతం వచ్చింది. కాలూ చెయ్యీ చాలావరకు దారికొచ్చాయి గానీ మూతి ఎడమ పక్కకి జారిపోయింది. తింటుంటే ఆ పక్కనుంచి కాస్త కారుతుంది. ఆ కాస్తకే కన్నతల్లిని గదిలో పెట్టి తలుపేస్తారా?

అక్కడి నుంచే బావకు ఫోన్ చేసింది.

"నాకేం తెలుసమ్మా? మగపెళ్ళివాళ్ళు అన్నారేమో," అని బావ నీళ్ళు నమిలాడు. "అయినా మీ అక్కకీ అదే సుఖం కదా, నలుగురూ చూడకుండా."

"సుఖమో కాదో అక్కని అడిగావా బావా?"

"ఇప్పుడవన్నీ ఎందుకులే," అని ఆయన పెట్టేశాడు.

పిన్ని ఊరుకునే మనిషి కాదు. తిన్నగా పెళ్ళికొడుకు ఇంటికి వెళ్ళి వియ్యపురాలిని నిలదీసింది. ఆవిడ గుండె మీద చెయ్యి వేసుకుంది.

"అయ్యో, మేమెందుకంటాం వదినగారూ? నలుగురిలో తినడం వాళ్ళమ్మకి సిగ్గని, మొదటి ముద్ద తన మేనత్త తింటుందని మీ అమ్మాయే చెప్పింది. మేం సరేనన్నాం, అంతే." అక్కడితో ఆపితే బాగుండేది. ఆవిడ ఆపలేదు. "వీడియోకి కూడా అదే బాగుంటుంది లెండి."

తిలా పాపం తలా పిడికెడు. ఒకళ్ళు చెప్పారు, ఒకళ్ళు సరేనన్నారు, ఒకళ్ళు కళ్ళు మూసుకున్నారు. అందరికీ చేతులు శుభ్రంగానే ఉన్నాయి. దారి పొడుగునా పిన్నికి ఎక్కడైనా ఆగి ఉమ్మేయాలనిపించింది.

అక్కావాళ్ళింట్లో పెళ్ళికూతురు ముందు గదిలో అద్దం ఎదురుగా నిలబడి పెళ్ళి బట్టల కొలత చూసుకుంటోంది.

"ఆ గదిలో కుర్చీ వేయించింది నువ్వేనా?"

"ఆ, నేనే పిన్నీ," అంది ఆ పిల్ల, అద్దంలోంచే చూస్తూ. "ఎవరో ఒకళ్ళు చెప్పాలిగా."

"అమ్మనే నువ్వు..."

"నువ్వు నెలకోసారి వచ్చి, అయ్యో పాపం అని పోతావు. మూడు పూటలా ఎదురుగా కూర్చునేది నేను. గడ్డం మీదకి కారుతుంటే నాకే తినబుద్ధి కాదు. ఇక అంతమంది ముందు, కెమెరా ముందు ఆ ముద్ద... ఛీ, తల్చుకుంటేనే ఒళ్ళు జలదరిస్తోంది. మేనత్త తింటే ఏం పోయింది?"

చెంప పగలగొట్టాలన్నంత కోపం వచ్చింది పిన్నికి. నెలకోసారి అన్న మాట నిజమే కావడంతో రోత ఇంకాస్త పెరిగింది. అక్క గదివైపు నడిచింది. తలుపు ఓరగా తీసే ఉంది.

అక్క మెడ చుట్టూ తువ్వాలు కట్టుకుని చిన్న అద్దం ముందు కూర్చుంది. గిన్నెలో మెత్తగా కలిపిన అన్నం. మంచం కోడుకు తడిసిన తువ్వాళ్ళు ఇంకో రెండు వేలాడుతున్నాయి. చిన్న ముద్ద తీసి కుడి పక్కన పెట్టుకుంది, తల కుడివైపు వాల్చింది, ఎడమ బుగ్గను వేలితో నొక్కిపట్టి నెమ్మదిగా మింగింది. ఒక్క మెతుకు కింద పడలేదు.

"చూశావా? పడలేదు," అంది. మాటలు ముద్దగా వస్తున్నాయి. "రోజూ మధ్యాహ్నం ఇదే పని. నిన్నటి నుంచే కుదురుతోంది."

పిన్ని లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది. "అది అన్నదంతా విన్నావా అక్కా?"

అక్క తువ్వాలు విప్పి మూతి తుడుచుకుంది. చాలాసేపు తుడుచుకుంది.

"ఆ గదిలోనే కూర్చుంటాలే. దాన్నేమీ అనకు. నేను విన్నానని అసలే చెప్పకు. పెళ్ళి ముందు పిల్ల బాధపడుతుంది."

అక్క మాట పిన్ని ఏనాడూ కాదనలేదు. "సరే" అని బయటికి వచ్చింది.

"పిన్నీ, మొదటి ముద్ద సంగతి మేనత్తకి నువ్వే చెబుతావా?" అంటోంది పెళ్ళికూతురు.

పిన్ని ఫోన్ తీసి హాలు మేనేజరుకు చేసింది. "ఆ గదిలో కుర్చీ తీసెయ్యి బాబూ. ముందు వరసలో, పెళ్ళికూతురి పక్కన వెయ్యి. మొదటి ముద్ద వాళ్ళమ్మే తింటుంది."

"పిన్నీ! నీకెవరిచ్చారు ఆ పెత్తనం?"

"మీ అమ్మ అంతా వింది," అంది పిన్ని.

ఆ పిల్ల చేతులు బట్టల మీదే ఆగిపోయాయి. గొంతు తగ్గించి అడిగింది. "ఏమంది?"

"విన్నట్టు నీకు చెప్పొద్దంది. నువ్వు బాధపడతావట."

పెళ్ళికూతురు గది తలుపు వైపు చూసింది. ఓ అడుగు వేసి ఆగిపోయింది. మొహం చిన్నప్పుడు గాజుగిన్నె పగలగొట్టినప్పటిలా అయిపోయింది.

"ఇప్పుడు లోపలికి ఎలా వెళ్ళను పిన్నీ?"

"కాళ్ళతోనే," అని పిన్ని పక్కకి తప్పుకుంది.