మెట్ల కింద ప్లగ్గు

నా ఫాను వల్లే బిల్లు పెరుగుతోందట! కడుపున పుట్టిన కొడుకు అన్న మాట ఇది. అదీ మే నెలలో, తెనాలిలో, మేడ మీద పోర్షన్‌లో. మా పైకప్పు పొద్దున్నే కాగిపోయి అర్ధరాత్రి దాకా సెగ దింపుతూనే ఉంటుంది. డెబ్బై దాటినదాన్ని, ఆ గదిలో ఫాను లేకుండా ఎలా బతకను?

నా పేరు శేషారత్నం. మావాడు హేమంత్ ఎరువుల కొట్టులో గుమాస్తా. కోడలు నిర్మల ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెబుతుంది. శివరాత్రి వెళ్ళాక ఎవరో వీడికి ఫోన్లో వీడియో పంపారు. ఇంట్లో కరెంటూ గ్యాసూ ఎలా ఆదా చెయ్యాలో అందులో చెప్పారట. అప్పట్నుంచీ పట్టుకుంది వీడికి పిచ్చి.

పొదుపు మంచిదే, నేను కాదనను. బియ్యం ముందే నానబెట్టి వండమన్నాడు, నానబెట్టాం. పప్పు మీద మూత పెట్టమన్నాడు. మూత పెట్టకుండా పప్పు వండిందెవర్రా నాయనా, మీ అమ్మమ్మ కాలం నుంచీ పెడుతూనే ఉన్నాం! బల్బులన్నీ మార్చాడు. టీవీని రిమోటుతో ఆపితే చాలదట, గోడ దగ్గర స్విచ్చి కూడా కట్టెయ్యాలట. ఇస్త్రీ పెట్టె దాచేస్తే నిర్మల నలిగిన చీరతోనే స్కూలుకి వెళ్ళింది. చివరికి మా గ్రైండరు మీద పడ్డాడు.

"పిండి రుబ్బుకోడానికే బోలెడు కాలుద్దమ్మా. కింద ఓనరుగారు రోజూ అమ్ముతానే ఉన్నారుగా, కొనుక్కుంటే సరిపోద్ది" అని, దానికి పాత దుప్పటి చుట్టి అటకెక్కించాడు.

ఆ ఓనరు పేరు కుమారి. మెట్ల కింద చిన్న గదిలో పెద్ద గ్రైండరు పెట్టి ఇడ్లీ పిండీ దోసెల పిండీ రుబ్బి, సాయంత్రం గేటు దగ్గర అమ్ముతుంది. వీధి వీధంతా ఆవిడ దగ్గరే కొంటారు. మేమూ గిన్నె పట్టుకుని నిలబడ్డం మొదలుపెట్టాం. "రండి పిన్నిగారూ, మనం మనం ఒకటి కదండి" అంటూ ఓ గరిటె కొసరు వేసేది. ఎంత మంచి మనిషో అనుకునేదాన్ని.

ఇంత చేసినా బిల్లు తగ్గలేదు సరికదా, ఇంకా పెరిగింది. వీడు ఇల్లంతా కలయజూశాడు. ఆపడానికి నేను తప్ప ఇంకేమీ మిగల్లేదు.

"పగలంతా నీ గదిలో ఫాను తిరుగుతానే ఉంటదమ్మా. అదే కాల్చేస్తా ఉంది. ఈ ఎండాకాలం రేపల్లెలో బిందు దగ్గరుండు. వానలు పడ్డాక నేనే వచ్చి తీసుకొస్తా" అన్నాడు.

బిందు నా కూతురు. అత్తమామలతో రెండు గదుల ఇంట్లో ఉంటుంది. కూతురింటికి పండక్కో పబ్బానికో వెళ్ళి, ఓ చీర పెట్టి, మర్యాదగా వచ్చెయ్యాలి. కొడుక్కి కరెంటు ఖర్చవుతోందని వచ్చానంటే వియ్యపురాలి ముందు నా మొహం ఎక్కడ పెట్టుకోను? వాళ్ళింట్లో మాత్రం ఫాను ఊరికే తిరుగుతుందా? ఆ మాటే అడిగాను. "వాళ్ళేమీ అనుకోరులే" అన్నాడు, నిక్షేపంగా. సోమవారం పొద్దున బస్సని తేల్చేశాడు కూడా.

ముందురోజు మధ్యాహ్నం అన్నం తిని నడుం వాల్చాను. కునుకు పట్టిందో లేదో, ఒళ్ళంతా చెమట. కళ్ళు తెరిచి చూస్తే ఫాను ఆగిపోయి ఉంది. గుమ్మంలో స్విచ్చి మీద చెయ్యి పెట్టి వీడు.

"నిద్రపోయావుగా అని..." అని నసిగాడు.

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. "నిద్రపోతే ఉక్కపొయ్యదట్రా? నేనేమన్నా శవాన్నా? ఆదా కావాలా నీకు? ఇదిగో, పూర్తిగా చేసుకో!" అంటూ వరండాలోకి వెళ్ళి మా మెయిన్ స్విచ్చి కిందికి లాగేశాను.

మా ఇంట్లో చప్పుళ్ళన్నీ ఆగాయి. దాంతోపాటు కింద కూడా ఏదో ఆగింది. పొద్దుటి నుంచీ గరగరమంటున్న కుమారి గ్రైండరు! కరెంటు పోయిందా అంటే పోలేదు, వాళ్ళ టీవీలో పాటలు వస్తూనే ఉన్నాయి. ఇదేంటి చెప్మా అనుకునేలోపే కింది నుంచి కేక.

"నిర్మలా! మీ మెయిన్ పడిపోయినట్టుంది, కాస్త పైకి ఎత్తమ్మా! మినప్పప్పు సగంలో ఉంది!"

మా మెయిన్ పడితే ఆవిడ గ్రైండరు ఆగడమేంటి? నిర్మల నా మొహం చూసింది. నేను హేమంత్ మొహం చూశాను. వాడు మెయిన్ స్విచ్చి వంక చూశాడు.

మోకాళ్ళు పట్టుకుని మెట్లు దిగాను. వీడు నా వెనకాలే వచ్చాడు. కుమారి మోచేతుల దాకా పిండితో నిలబడి ఉంది. ఏంటమ్మా ఇది అని అడిగితే తొణకలేదు, బెణకలేదు.

"మీకు తెలీదాండి? మేడ కట్టినప్పుడు మెట్ల కింద ప్లగ్గు పై లైన్లో కలిపేశారండి. అయినా పిండి రుబ్బడానికి ఎంత కాలుద్దండి పిన్నిగారూ! మనం మనం ఒకటి కదండి."

హవ్వ! బిల్లు తగ్గాలని మా గ్రైండరుని అటకెక్కించాం. మా వంతు పిండి కూడా ఆవిడే మా కరెంటుతో రుబ్బి, మాకే అమ్మింది. మన వేలితో మన కన్నే పొడవడమంటే ఇదే!

"అడగరా" అన్నాను మావాడితో. ఇంట్లో బల్బు బల్బుకీ గొంతు చించుకునే మగాడు గొంతు సవరించుకున్నాడు.

"పర్లేదండి... వీలు చూసుకుని లైను మార్పిస్తే చాలండి" అన్నాడు.

"చూద్దాంలే బాబూ" అంది ఆవిడ. ఇంట్లో పులి, వీధిలో పిల్లి అని ఊరికే అన్నారా?

పైకొచ్చి మెయిన్ వాడే ఎత్తాడు. కింద గ్రైండరు మళ్ళీ గరగరమంది. నా గదిలో ఫాను అయిదులో పెట్టి, నా పక్కన కూర్చున్నాడు.

"నువ్వెక్కడికీ వెళ్ళక్కర్లేదులే అమ్మా. వాళ్ళతో గొడవెందుకు? మాటా మాటా పెరిగితే ఇల్లు ఖాళీ చెయ్యమంటారు."

"ఓహో! ఖాళీ చెయ్యమంటుందని ఆవిడకి భయపడ్డావు. మరి నన్ను ఖాళీ చేయించేటప్పుడు నీకు భయమెయ్యలేదేంట్రా?" అన్నాను.

గుమ్మంలో కూర్చుని వింటున్న నిర్మల లేచింది. తిన్నగా వరండాలోకి వెళ్ళి మెయిన్ కిందికి లాగేసింది. గ్రైండరు ఆగింది.

"నిర్మలా! మళ్ళీ పడిందమ్మా!" అని కింద కుమారి కేకేసింది.

"పడలేదండి, నేనే ఆపాను. మీ లైను మార్చుకునేదాకా ఇంతేనండి!" అని నిర్మల పైనుంచే గట్టిగా చెప్పింది.

ఆ పూటంతా ముగ్గురం చెమటలు కక్కుతూ కూర్చున్నాం. నాకు మాత్రం ఉక్క తెలియలేదు.