కొబ్బరినూనె తాగిన చాకు

నేను ఒక మడత చాకును. ఒళ్ళు లారీ కమాను ముక్క, పిడి గేదె కొమ్ము. రెండింటినీ కలిపి పట్టుకున్నది శనగగింజంత ఇత్తడి శీల. నా బతుకంతా ఆ శీల దగ్గరే ఉంది. అది తిరిగితే చాకును, తిరగకపోతే జేబుకు బరువును.

కమ్మరి కొలిమి దాటి నేను మొదట చేరింది కడియం నర్సరీల్లో మామిడి అంట్లు కట్టే సూరన్నగారి దగ్గరికి. నెమ్మదిమనిషి. పని దిగాక నాకు పట్టిన జిగురు తుడిచి, శీల మీద ఒక్క చుక్క నూనె వేసి, నాలుగుసార్లు తెరిచి మూసి, మిగిలిన తడిని గుడ్డతో ఒత్తితే గాని అన్నానికి లేచేవాడు కాదు. ఆయన కూతురు మంగతాయారు పక్కన కూర్చుని చూస్తూ ఉండేది. చూపు ఆనక పని మానుకున్ననాడు ఆయన నన్ను అల్లుడు వీరభద్రం చేతిలో పెట్టాడు.

వీరభద్రానికి పనితనం ఉంది, కాదనను. కానీ నన్ను చూసుకునే తీరే వేరు. ఏడాదంతా జిగురుతోనే మడిచి జేబులో పడేస్తాడు. దసరానాడు మాత్రం పీట మీద కూర్చోబెట్టి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, కళ్ళు మూసుకుని దణ్ణం పెడతాడు. ఆ పసుపూ కుంకుమా తిన్నగా నా కీలులోకి దిగుతాయి. తుడవాల్సినదాన్ని పూజించి ఊరుకోవడం మనుషులకు సులువు.

ఎప్పుడైనా నేను కిర్రుమంటే, తన మీసానికి రాసే కొబ్బరినూనే నా నోట్లోనూ పోసేవాడు. మీసాన్ని మడిచి జేబులో పెట్టుకోనక్కర్లేదని ఆయనకు తోచలేదు. తాయారు ఒకసారి చెప్పబోయింది.

“పనిముట్టు సంగతి నాకు తెల్సు. నీ కుట్టుమిషను నువ్వు చూసుకో” అన్నాడు.

ఆమె చూసుకుంది. ఆ మిషను వెన్నలా నడిచేది.

ఆ ఏడు కార్తీకం చివర పెద్ద గాలివాన వచ్చింది. అది వెలిసి, చలి దిగిన ఒక పొద్దున్న సీతారత్నం అనే పెద్దావిడ కోనసీమ నుంచి బస్సెక్కి వచ్చింది. చేతిలో తడిగుడ్డ చుట్టిన మామిడి పుల్లలు.

“మా అత్తగారు నాటిన చెట్టు బాబూ. కూకటివేళ్ళతో పడిపోయింది. నిన్న ఈ పుల్లలు కోసి దాచాను. మా అత్తాకోడళ్ళకి ఏ మాటా కుదిరేది కాదు, ఆ కాయ రుచి దగ్గర తప్ప. ఎలాగైనా బతికించు.”

వీరభద్రం గుడ్డ విప్పి చూశాడు. పుల్లల చివర్లు అప్పుడే నల్లబడుతున్నాయి. “కూర్చోండి పిన్నిగారూ, చిటికెలో పని” అని టెంకల నుంచి మొలిపించిన మామిడి మొక్కలు తెచ్చి, మీసం దువ్వి, నన్ను తీశాడు.

నేను తెరుచుకోలేదు. చలికి కొబ్బరినూనె పేరుకుంది. దానికి జిగురు తోడు, పసుపు తోడు. గోటితో లాగితే గోరు విరిగింది. పళ్ళతో లాగితే సగం తెరుచుకుని, జారి, టప్పున బొటనవేలు మీద మూసుకున్నాను. నెత్తురు వచ్చింది. పక్క నర్సరీలో చాకు అడగొచ్చు, కానీ వీరభద్రం అడిగే మనిషి కాదు. సీతారత్నం పుల్లల మీద మళ్ళీ నీళ్ళు చిలకరించింది.

“ఏవండీ, ఇలా ఇవ్వండి” అంది తాయారు, మిషను ముందునుంచి లేచి.

ఆయన ఇచ్చేశాడు.

గోరువెచ్చటి నీళ్ళలో సబ్బు కలిపి, పాత పళ్ళబ్రష్షుతో ఆమె నా కీలంతా తోమింది. నల్లటి జిగురు వచ్చింది, పసుపు వచ్చింది, దసరా మొత్తం వచ్చింది. పొడిగుడ్డతో ఒత్తి, పొయ్యి వెచ్చన తడి ఆర్చింది. సూదిమొనతో ఒక్క చుక్క కుట్టుమిషను నూనె శీల మీద వదిలి, తెరిచి మూసి, తెరిచి మూసి, పైకి తేలిన నూనెను మరకలేకుండా తుడిచింది.

“నూనె పుల్లకి తగిలితే అంటు చచ్చిపోద్దని మా నాన్న అనేవోడు” అంది, ఎవరితోనో అన్నట్టు.

వీరభద్రం వేలికి గుడ్డ చుట్టుకుని, నన్ను సానరాయి మీద రెండు పక్కలా తిప్పి, పనిలో దిగాడు. ఎన్నాళ్ళకో నేను చప్పుడు లేకుండా తెరుచుకున్నాను. మొక్క తల కోసి చీల్చి, పుల్ల కొసను పలుచగా చెక్కి, ఆ చీలికలో దించి కట్టు కట్టాడు. చేతిలో బెరుకు లేదు.

కట్టిన అంట్లలో ఒక్కటి తప్ప అన్నీ ఎండిపోయాయి. ఆ ఒక్కటీ మాఘంలో రాగిరంగు చిగురు వేసింది. సీతారత్నం వచ్చి, కుండీని పసిబిడ్డలా ఒళ్ళో పెట్టుకుంది.

“నీ చేతి చలవ బాబూ” అంది.

వీరభద్రం చెయ్యి మీసం దాకా వెళ్ళి ఆగింది. “చెయ్యి నాదేనండి” అన్నాడు. “తెరిచింది మాత్రం మా ఆవిడ.”

లోపల మిషను చప్పుడు ఠక్కున ఆగింది. కాసేపటికి మళ్ళీ మొదలైంది, ఈసారి కాస్త హుషారుగా. నా మాట ఎవరూ ఎత్తలేదు. నేను జేబులో మడత పడుకుని, అంతా విన్నాను.