బొమ్మలో లేని చారలు

గులాబీ రంగులో చారెడు పసుపు, చిటికెడు గోధుమ రంగు వేసి, అవిసె నూనె పోసి అనసూయ కర్రతో గిలక్కొడుతోంది. సినిమా హీరోయిన్ల ఒంటిరంగు అది. బొంబాయి పరేల్‌లో సినిమా బోర్డులు వేసే ఆ షెడ్డులో పొద్దున రంగులు కలపడం, మధ్యాహ్నం చీర బొడ్డు కిందికి జార్చి బల్లమీద నిలబడటం ఆమె పని. మేస్త్రీ బాపూరావు ఆమెను చూసి ఒళ్లు వేసేవాడు, ఫొటో చూసి హీరోయిన్ తల పెట్టేవాడు. ఏళ్ల తరబడి ఊరంతా నోరు వెళ్లబెట్టి చూసిన నడుము అనసూయది, పేరు ఇంకొకరిది. దాన్ని ఆమె ఎప్పుడో మింగేసింది. మింగలేనిది ఇవాళ ఎదురుగా కుర్చీలో కూర్చుంది.

ఛబూ. నిన్నగాక మొన్న పనిలో చేరిన పిల్ల.

చిత్రకారిణి కేతకి పాత బోర్డొకటి కొని, హీరోయిన్ తల చెరిపేసింది. "ఈ ఒళ్లు ఎవరిదో ఆ మనిషి ముఖమే వేస్తాను. ఆడదాన్ని ముక్కలుచేసి అమ్మింది చాలు" అంది. ఎవరిదని అడిగితే, చక్కటి ముఖం కదా అని మేస్త్రీ ఛబూను చూపించాడు. ఆ పిల్ల కాదనలేదు. పైగా సిగ్గుపడింది. దాని సిగ్గు తగలెయ్య!

అనసూయ కర్ర పారేసి వచ్చింది.

"తాయీ, అది నా ఒళ్లు" అంది కేతకితో.

"ఊరుకో అక్కా!" ఛబూ కిసుక్కున నవ్వింది. "ఏదీ, చూపించు!"

చూపించింది. ముగ్గురు బిడ్డల కాన్పు చారలు, పెద్ద కోత మచ్చ. బోర్డుమీది పొట్ట నున్నగా ఉంది. మేస్త్రీ అవేవీ ఏనాడూ వెయ్యలేదు.

"ఇందులో చారల్లేవు కదమ్మా" అంది కేతకి, పాపం మెల్లగానే.

"నువ్వైనా చెప్పు మేస్త్రీ."

"ఎప్పటి బోర్డో... ఎవరికి గుర్తు?" అతను తలెత్తకుండా కుంచె కడుగుతున్నాడు.

అనసూయ ఆ కుంచె లాక్కుంది. గోధుమ రంగులో ముంచి, నున్నటి పొట్టమీద ఒక్కో చారా గీసింది. బొడ్డు కింద కోత మచ్చ పెట్టింది.

"నీ చెయ్యి పడిపోనూ! బొమ్మంతా పాడుచేశావే!" మేస్త్రీ మీదికొచ్చాడు. కేతకి అతన్ని ఆపింది. బోర్డుమీది చారలనూ అనసూయ పొట్టనూ మార్చి మార్చి చూసింది.

"ఛబూ, లే. ఆమెను కూర్చోనీ."

"దాని ఎంగిలి కుర్చీ నాకొద్దు తాయీ" అంది అనసూయ, కళ్లు తుడుచుకుంటూ. "దాని ముఖమే పెట్టుకో. ఆ ముఖం కింద నా పొట్టను మొయ్యనీ, తెలుస్తుంది."

చీర సర్దుకుని బయటికి నడిచింది. మర్నాడు రాలేదు. ఆ తర్వాతా రాలేదు. తలుపు పక్కన మేకుకు ఆమె అన్నం డబ్బా వేలాడుతూనే ఉంది, లోపల జొన్నరొట్టె, వెల్లుల్లి కారం.