అరవని మనిషి

నేను వీడియో గేములకు మాటలు రాస్తాను. ఈ ఉద్యోగం గురించి వివరించే ఓపిక మా ఇంట్లో ఎవరికీ లేదు. ఎవరైనా అడిగితే "ఏదో కంప్యూటర్ పని" అని చెప్పి ఊరుకుంటారు.

మూడేళ్లుగా మేం తయారుచేస్తున్న గేమ్‌లో ఆడేవాళ్లది గూఢచారి వేషం. శత్రువు కోటలోకి చప్పుడు కాకుండా దూరి, చెరలో ఉన్న అక్కను విడిపించుకుని రావాలి. కోటలో కత్తులు పట్టిన కాపలావాళ్లు నలభై మంది ఉంటారు. వాళ్లు కాక చేతిలో కర్రముక్క కూడా లేనివాళ్లు పంతొమ్మిది మంది: వంటవాళ్లు, గుర్రాలకు మేత వేసేవాడు, దీపాలు తుడిచే ముసలాయన, బట్టలు ఉతికే ఆవిడ. ఆఫీసులో వీళ్లను నిరాయుధులు అనేవాళ్లం. వీళ్లకు మాటలు రాయడం నా వంతు.

నిజానికి వాళ్లకు మాటలంటూ ఏమీ లేవు. గూఢచారి కంటపడితే "దొంగ! దొంగ! కాపాడండి!" అని అరవాలి, అంతే. ఆ ఒక్క ముక్కనే అటు తిప్పి ఇటు తిప్పి పంతొమ్మిది మందికీ రాసిపెట్టాను.

విడుదలకు ఏడు వారాలుందనగా, గేమ్‌ను ఆడి లోపాలు పట్టే అమ్మాయి ఒక పని చేసింది. ఆటలో అడుగుల చప్పుడు వినిపించనివ్వదని ఆమెను పిల్లి అంటాం. కోటలోకి దిగగానే నిరాయుధులందరినీ వెనకనుంచి తలమీద కొట్టి, స్పృహ తప్పించి, ధాన్యపు కొట్లో వరసగా పేర్చింది.

"ఇప్పుడు హాయిగా ఉంది. అరిచేవాళ్లే లేరు," అంది.

మా బృందానికి పెద్దాయన వచ్చి చూశాడు. అడ్డమొచ్చినదల్లా కోసేస్తాడని ఆయనకు కత్తెర అని పేరు. ఆ పేరుతో పిలిస్తే పలుకుతాడు కూడా.

"ఆడేవాళ్లంతా చేసేది ఇదే. మరి వీళ్లెందుకు మనకి, అన్నంలో రాళ్లలాగా? తీసేద్దాం," అన్నాడు.

ఆయన మాటలో తప్పేం లేదు. వాళ్లను రాళ్లలాగా రాసింది నేనే. "శుక్రవారం దాకా ఆగండి" అని మాత్రం అనగలిగాను.

గురువారం మా పెద్దమ్మ మా ఆఫీసు వీధిలోనే ఉన్న కళ్ల డాక్టరు దగ్గరికి వచ్చింది. కళ్లల్లో వేసిన మందుకి అంతా మసకగా ఉందని, నా పనయ్యేదాకా ఆఫీసులోనే కూర్చుంటానంది. మా అమ్మ నన్ను కన్న ఆర్నెల్లకే పోతే పెంచింది ఈ పెద్దమ్మే. ఇరవై ఆరేళ్లు ఒక పెద్ద హోటల్ లాండ్రీలో పనిచేసింది. ఆవిడ ముంజేతుల మీద ఆవిరి ఇస్త్రీ తాలూకు మచ్చలు చిన్నప్పటినుంచీ చూస్తూనే ఉన్నాను. ఆ పని ఎలా ఉండేదని మాత్రం ఏనాడూ అడగలేదు.

మసక తగ్గేసరికి పెద్దమ్మ పిల్లి పక్కన కుర్చీ వేసుకుని తెరవైపు చూస్తోంది. పిల్లి, బట్టలు ఉతికే ఆవిడ వెనక్కి చేరి తలమీద ఒక్కటి వేసింది.

"అయ్యయ్యో! ఆవిడేం చేసిందే నిన్ను?"

"ఏం చెయ్యలేదండీ. కానీ చూసిందంటే అరుస్తుంది."

"అరుస్తుందని నీకెవరు చెప్పారు?"

పిల్లి నావైపు చూసింది. నేను బల్లవైపు చూశాను.

"అరవలేదు మేము," అంది పెద్దమ్మ, ఏదో మామూలు సంగతి చెబుతున్నట్టు. "ఓరోజు పొద్దున్నే ఒక పిల్ల మా లాండ్రీలోకి పరిగెత్తుకొచ్చింది. ఒక కాలికి చెప్పుంది, ఇంకో కాలికి లేదు. పెదవి చిట్లి ఉంది. నేను ఏం ఆలోచించలా. దుప్పట్లు వేసే తోపుడు బండి చూపించా, దూరింది. పైన నాలుగు దుప్పట్లు పడేశా. వెనకే ఆ పిల్ల మొగుడట, ఇద్దరు సెక్యూరిటీవాళ్లని వెంటేసుకొచ్చాడు. 'ఇటెవరైనా వచ్చారా?' అన్నాడు. 'వచ్చారు, మీరే. అదీ తడి నేలమీద బూట్లతో' అన్నా."

పిల్లి పక్కున నవ్వింది. పెద్దమ్మ నవ్వలేదు.

"ఆ గదిలో నాతోపాటు ఇంకో నలుగురు ఉన్నారు తల్లీ. అందరూ చూశారు. ఒక్కరు నోరు జారినా నా ఉద్యోగం పోతే పోయేది, ఆ పిల్ల గతేమయ్యేదో! ఒక్కరూ తల ఎత్తలేదు. వాళ్లని తలుచుకోని రోజు లేదు నాకు. బండి తోసుకుంటూ వెనక గేటు దాకా తీసుకెళ్లి వదిలిపెట్టా. నా చెయ్యి ఒక్కసారి గట్టిగా పట్టుకుని, వెళ్లిపోయింది."

"తర్వాత?" అడిగాడు కత్తెర. ఎప్పుడొచ్చి మా వెనక నిలబడ్డాడో చూసుకోలేదు.

"తర్వాతేముంది బాబూ, ఆ దుప్పట్లు మళ్లీ ఉతికా."

నాకు ఏడుపూ సిగ్గూ ఒకేసారి వచ్చాయి. ఇంత మనిషి చేతిముద్దలు తిని పెరిగి, ఉతికే మనిషి గురించి రాయమంటే నాకు తోచింది ఒక్క కేక.

"ముందు ఉతికే ఆవిడ ఒక్కదాన్నే ఇలా మారుద్దాం," అన్నాడు కత్తెర. "మూడు వారాలిస్తా. కుదిరితే మిగతావాళ్ల సంగతి చూద్దాం."

గొంతు ఇవ్వడానికి పెద్దమ్మనే అడిగాం. మైకు ముందు నిలబెడితే కొయ్యబారిపోయింది. "చేతులు ఊరికే ఉంటే నాకు మాట రాదే," అంది. ఇంటినుంచి దుప్పట్లు తెచ్చి ఇచ్చాను. మడతపెడుతూ మాట్లాడటం మొదలుపెట్టింది. దుప్పటి దులిపిన చప్పుడు రికార్డింగులో పడిపోతోందని సౌండు చూసేవాడు తల పట్టుకున్నాడు. వెనక్కి తిప్పి విన్నాక, "దీన్ని ముట్టుకోను, ఇలాగే ఉండనీండి," అన్నాడు. నేను రాసిన కాగితం పెద్దమ్మ ఒక్కసారే చూసింది. "ఇలా ఎవరూ మాట్లాడరే," అని పక్కన పెట్టేసి తన మాటలే చెప్పింది.

చివరికి పంతొమ్మిది మందినీ మార్చాం. దారిలో ఎవరినీ కొట్టకుండా వస్తే ఉతికే ఆవిడ దాక్కోమని బట్టల బుట్ట మూత తెరుస్తుంది. దీపాల ముసలాయన ఒక దీపం వెలిగించడం 'మర్చిపోతాడు'. కొట్టుకుంటూ వస్తే మాత్రం ఎవరూ సాయం చెయ్యరు, కేకలు వేస్తారు. కోటలో కబురు గాలికన్నా ముందు పోతుంది మరి. మూడు వారాల పని అయిదు వారాలు పట్టింది. తిడుతూనే ఉన్నాడు గానీ, కత్తెర ఒక్క రోజు కూడా కొయ్యలేదు.

గేమ్ విడుదలయ్యాక చాలామంది ఉత్తరాలు రాశారు. ఒకటి మాత్రం అచ్చు తీసి ఇంటికి తీసుకెళ్లాను. ఆసుపత్రిలో నేలలు తుడిచే ఒకావిడ రాసింది. "మా అబ్బాయి ఆడుతుంటే చూశాను. ఇలాంటి ఆటల్లో మాలాంటివాళ్లని వెనకనుంచి కొట్టి పోతారు. ఈ ఆటలో మావాడు ఉతికే ఆవిడ ముందు ఆగి, అమ్మా, ఈవిడ నీలాగే మాట్లాడుతోంది అన్నాడు. మీకు దండం."

పెద్దమ్మ రెండుసార్లు చదివించుకుంది. కొత్త కళ్లద్దాలు తీసి కొంగుతో తుడిచి మళ్లీ పెట్టుకుంది.

"నీవల్లే పెద్దమ్మా ఇదంతా. నీకెలా థాంక్స్ చెప్పాలో..."

"చాల్లే, పరాయిదానిలా. ఆవిడకి జవాబు రాయి ముందు."

కాగితం తీశాను.

"రాయి. 'అమ్మాయీ, నీ ఉత్తరం అందింది. మీ అబ్బాయి నిన్ను చూస్తున్నాడు, అది చాలా మంచిది. బకెట్టు ఎత్తేటప్పుడు నడుము వంచకు, మోకాళ్లు వంచు. నేను ఆలస్యంగా తెలుసుకున్నా. నేల తడి ఆరకముందే ఎవడైనా బూట్లతో వస్తే, ఎంత పెద్దవాడైనా సరే, నిలదీసి అడుగు.'"

"ఇంకా?"

"అంతే. చేతులు జాగ్రత్త అని రాయి."

రాశాను. కింద పెద్దమ్మ సంతకం పెట్టింది.